వంటా వార్పు కేసు

ఆయాను గురించి పాత ఇంటివాళ్ళను అడిగితే నిజం చెబుతారనుకోవడం ఒట్టి అమాయకత్వం. నేనూ మా నాన్నా ఆయాల ఎంక్వయిరీలకని మూసారాంబాగ్ నుంచి మన్సూరాబాద్ దాకా సందుసందూ చెప్పులరిగేలా తిరిగాం కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది. ఒకావిడ తన దగ్గర మానేసిన ఆయాను తెగ పొగిడింది. అలాంటి మనిషి మళ్ళీ దొరకదంది. మేం గేటు దాటుతుంటే లోపల్నుంచి "పీడ పోయిందే తల్లీ" అని ఎవరితోనో అనడం వినబడింది. నోటికాడి కూడు తీయడం ఎందుకని కొందరు మంచిగా చెబుతారు. మళ్ళీ వచ్చి తమ నెత్తినే పడుతుందేమోనని ఇంకొందరు ఇంకా మంచిగా చెబుతారు. కొంతమంది తలుపు సందులోంచే "మాకెందుకండీ" అని గడియ పెట్టుకుంటారు. ఆ గల్లీలో ఉండే కిరాణా షాపాయన కొంచెం నయం. "మనిషి మంచిదే గాని" అని ఆగిపోతాడు. ఆ "గాని" వినగానే మేం ఆ మనిషిని వదిలేసుకునేవాళ్ళం.

ఈ తిరుగుడంతా మా అన్న కోసం. అన్నకు అప్పటికే నలభై దగ్గర పడుతున్నాయి. ఒళ్ళు పెరిగింది గాని తెలివి నాలుగేళ్ల పిల్లాడి దగ్గరే ఆగిపోయింది. మాట పెద్దగా రాదు. ఎవరైనా గిల్లినా కొట్టినా చెప్పలేడు. నమిలి మింగడం కూడా కష్టమే. అన్నాన్ని పప్పుతోనో పెరుగుతోనో గుజ్జుగా పిసికి, చిన్న ముద్ద పెట్టి, అది గొంతు దిగిందాకా ఆగి, అప్పుడు ఇంకో ముద్ద పెట్టాలి. తొందరపడితే పొలమారుతుంది. మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోతే జ్వరం, ఆ తర్వాత దవాఖాన. అమ్మ ఉన్నంతకాలం ఆ పని అమ్మదే. అమ్మ పోయాక నాకు స్కూల్లో పాఠాలు, నాన్నకు దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపు, మధ్యలో అన్న. ఇంట్లో ఎంత తంటాలు పడ్డా అన్న చిక్కిపోవడం ఆగలేదు.

అల్మాస్‌గూడలో మాలాంటి కొన్ని కుటుంబాలు కలిసి ఒక రెండంతస్తుల ఇల్లు కిరాయికి తీసుకుని హోమ్ నడిపేవాళ్ళు. అన్నను అక్కడ చేర్చాం. అక్కడి వాళ్ళను అందరం పిల్లలనే అంటాం. ఆ పిల్లల్లో సగం మందికి తల నెరిసింది. కమిటీలో మాలాగా పోచంపల్లి వైపు మగ్గాల ఊళ్ళ నుంచి వచ్చిన వాళ్ళు కొందరు, కోస్తా నుంచి ఉద్యోగాలకొచ్చి స్థిరపడిన వాళ్ళు కొందరు. కార్యదర్శి కృష్ణా జిల్లా ఆయన, బ్యాంకులో రిటైరయ్యాడు. ఆయన కూతురు కూడా ఆ హోమ్‌లోనే ఉండేది. ఆయనకూ మా నాన్నకూ బాగా స్నేహం. ఆదివారం ఇద్దరూ వరండాలో కూర్చుని పేపరు పంచుకుని చదివేవాళ్ళు. ఒకరి చేతిలో సినిమా పేజీ ఉంటే ఇంకొకరు ఎగతాళి చేసేవాళ్ళు.

పోలీసు వెరిఫికేషన్ లేకుండా ఎవర్నీ పనిలో ఉంచకూడదన్న రూల్ పెట్టించింది కార్యదర్శిగారే. దానికో కారణం ఉంది. అంతకుముందు ఆయన తన ఊరి పక్క ఊరి నుంచి ఒక ఆయాను తెచ్చాడు. మా వైపు మనిషేనండీ, వాళ్ళ నాన్న నాకు తెలుసు, అని ఆయన అంటే ఇంక ఎంక్వయిరీ దేనికని అందరం ఊరుకున్నాం. ఊరు తెలిస్తే మనిషి తెలిసినట్టేనని మా అందరికీ ఒక పిచ్చి నమ్మకం. మా నాన్నకూ అంతే, ఫలానా ఊరు అనగానే సగం మార్కులు వేసేసేవాడు. ఆ ఆయా, పక్క తడిపిందన్న కోపంతో ఆయన కూతురికి తొడ మీద అట్లకాడ కాల్చి వాత పెట్టింది. ఆ అమ్మాయికి చెప్పడం రాదు. పుండు ముదిరి జ్వరం వచ్చాక గాని బయటపడలేదు. ఆ సాయంత్రం కార్యదర్శిగారు కూతురి మంచం పక్కన నేల మీద కూర్చుని, "నేనే తెచ్చానమ్మా, నేనే తెచ్చాను" అని ఒకటే మాట అంటూ ఉండిపోయాడు. కాబట్టి ఆ రూల్‌ను నేను తప్పుపట్టను. అప్పుడూ పట్టలేదు.

రూల్‌తో పాటు మా కమిటీకి ఇంకో పద్ధతి కూడా ఉండేది. కొత్తగా వచ్చిన ఆయాతో మా అన్నకు ఒక పూట అన్నం తినిపించి చూసేవాళ్ళు. హోమ్ మొత్తంలో తినిపించడం కష్టమైన మనిషి అన్నే. అన్నతో నెగ్గితే అందరితో నెగ్గినట్టే. చాలామంది ఆ పరీక్షలోనే పోయారు. ఒకామె బుగ్గలు నొక్కి నోరు తెరిపించబోయింది. ఇంకొకామె టీవీ చూస్తూ ముద్ద కళ్ళ దగ్గర పెట్టింది.

తర్వాత వచ్చినామె పరీక్షన్న సంగతే మరిచిపోయింది. వయసు యాభైకి అటూ ఇటూ ఉంటుంది, భువనగిరి వైపు మనిషి, అంటే మా వైపే, మన్సూరాబాద్‌లో ఒక గది కిరాయికి తీసుకుని ఒంటరిగా ఉండేది. అన్న ఎదురుగా కూర్చుని పళ్ళెంలో అన్నం పిసుకుతూ పొద్దున్న బస్సులో జరిగిన గొడవ గురించి చెప్పుకుపోయింది. అన్న ఆమె నోటివంకే చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి తనే నోరు తెరిచాడు. ఆమె ముద్ద పెట్టి, మళ్ళీ కథ అందుకుంది. తిండి అయ్యాక కమిటీ వాళ్ళ వైపు తిరిగి, "మెత్తగ చేస్తె తింటడు, పాపం. రేపు జర ఉప్పు తక్కువెయ్యమనుండ్రి" అంది. పనిలోకి తీసుకున్నామని అప్పటికింకా ఎవరూ అననేలేదు.

మేమూ మా ధర్మంగా ఎంక్వయిరీ చేశాం. గల్లీ కిరాణా షాపాయన ఈసారి "గాని" అనలేదు. ఇంటి ఓనరు, ఆమె అంతకుముందు పనిచేసిన నర్సింగ్ హోమ్ వాళ్ళు, అందరూ ఒకే మాట చెప్పారు. మిగిలింది పోలీసు రిపోర్టు. దాని కోసం కాగితాలు ఇచ్చాం. అవి తెలంగాణ ఉద్యమం రోజులు. స్టేషన్లలో మనిషన్నవాడు ఉండేవాడు కాదు, అందరూ బందోబస్తులో ఉండేవాళ్ళు. వెళ్ళి అడిగితే, "బంద్‌లు అయిపోనియ్యండి, చూద్దాం" అనేవాళ్ళు. బంద్‌లు అయిపోయేవా, ఒకటి పోతే ఒకటి. రిపోర్టు వచ్చిందాకా తాత్కాలికం అని చెప్పి ఆమెను ఉంచారు.

ఆ తాత్కాలికంలోనే అన్న మళ్ళీ మనిషయ్యాడు. మెడ కింద గుంటలు పూడాయి. నేను ఆదివారం వెళితే ఎప్పుడూ నా చేతిసంచీ వైపు చూసేవాడు, బిస్కెట్ల కోసం. ఇప్పుడు సంచీ వైపు చూడకుండా నన్ను ఆమె దగ్గరికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేవాడు. నేనెవరో ఆమెకు కొత్తగా పరిచయం చేస్తున్నట్టు. నాకు కొంచెం ఉడుకుమోత్తనంగా కూడా ఉండేది. అమ్మ తర్వాత అన్న ఎవరినైనా నమ్మితే అది నేనే కావాలని లోపల ఎక్కడో ఉండేదేమో. ఆమె అది కనిపెట్టింది. "గట్ల మొకం వెట్టకు చెల్లె. నువ్వు ఐతారం ఐతారం వచ్చే చుట్టానివి. నేను దినాం కనవడేదాన్ని" అని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది.

సమ్మెలు ముదిరాక ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర వంటా వార్పు పెట్టారు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుకుని, అక్కడే బంతులు వేసి తినడం, వాహనాలు ఆపడం. ఆ రోజుల్లో అన్ని చౌరస్తాల్లో జరిగేది. ఆమెకు ఆ రోజు సెలవు. గల్లీ ఆడవాళ్ళందరితో కలిసి వెళ్ళింది. వంటంటే ఆమె ముందుంటుంది కదా, గంటె చేతపట్టుకుని పెద్ద గిన్నె దగ్గర నిలబడిందట. మధ్యాహ్నం పోలీసులు వచ్చి దొరికినవాళ్ళను దొరికినట్టు వ్యాన్లు ఎక్కించారు. మర్నాడు పనిలోకొచ్చి ఆమే అందరికీ చెప్పింది.

"పొద్దుగూకేదాంక స్టేషన్ల కూసోవెట్టిండ్రు. పేరు రాస్కొని ఇడిసిపెట్టిండ్రు. అన్నమంత రోడ్డు మీద వారవోసిండ్రు చెల్లె, గదే పానం గుంజింది."

అందరం నవ్వి ఊరుకున్నాం. అప్పట్లో మా చుట్టాల్లోనే ప్రతి ఇంటికీ ఒక అరెస్టు ఉండేది. కార్యదర్శిగారు కూడా, "మీరు వండితే పోలీసులు కూడా తినేసి వదిలిపెట్టాల్సిందండీ" అని నవ్వాడు.

కాని ఆ నవ్వుల కింద ఏదో మారుతూ వచ్చింది. కార్యదర్శిగారూ మా నాన్నా పేపరు పంచుకోవడం మానేశారు. పేపరు నిండా ఉద్యమమే కాబట్టి ఏ పేజీ తీసినా ఏదో ఒక మాట అనాల్సి వస్తుంది. అంటే ఎదుటివాడి మనసు కష్టపడుతుందేమోనని ఇద్దరికీ భయం. అందుకని క్రికెట్ గురించి మాట్లాడుకునేవాళ్ళు. మా నాన్నకు క్రికెట్ తెలియదు. అయినా తలాడించేవాడు. ఒకరి మీద ఒకరికి కోపం వచ్చినా బాగుండేదని నాకు ఇప్పుడు అనిపిస్తుంది. కోపంలో మనిషి ఉన్నమాట అనేస్తాడు. వాళ్ళిద్దరూ ఒకరినొకరు గాజు గ్లాసుల్లా జాగ్రత్తగా చూసుకోవడం మొదలుపెట్టారు.

చివరికి రిపోర్టు వచ్చింది. అందులో ఆమె మీద ఒక కేసు ఉందని రాశారు. రోడ్డుకు అడ్డంగా కూర్చోవడం ఒక్కటే కాదు, విధుల్లో ఉన్న కానిస్టేబుల్ మీద దౌర్జన్యం అని కూడా రాశారు. ఆ రోజు వ్యానెక్కిన అందరి మీదా మూకుమ్మడిగా అదే సెక్షను పెట్టారట. ఆమె వయసు వాళ్ళు, చంకలో పిల్లలున్న వాళ్ళు, అందరూ దౌర్జన్యపరులే. నేను ఆమెను అడిగితే, "గంటెతోటి కొట్టిన్నట. నేను గంటె ఇడిసిపెడ్తె అన్నం మాడదా?" అంది. అది హాస్యమో బాధో ఆమెకే తెలియనట్టుంది.

కమిటీ కూర్చుంది. నేను మెంబరును కాదు గాని, ఆదివారం కాబట్టి పక్కగదిలో అన్న దగ్గరున్నాను. మధ్యలో తలుపు వేసి లేదు. కార్యదర్శిగారు రిపోర్టు చదివాడు. అప్పుడాయన మా నాన్నతో, "మీ అబ్బాయి విషయం కాబట్టి, మీరెలా అంటే అలాగేనండీ" అన్నాడు.

మా నాన్న గొంతు సవరించుకున్నాడు. ఉంచుకుందామని అంటాడని నేను ఎదురుచూశాను. అన్న నా చున్నీ అంచును వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు.

"రూలంటె రూలే సార్. మావోళ్ళకొకటి, మీవోళ్ళకొకటి ఉండది" అన్నాడు నాన్న.

అంతే. కార్యదర్శిగారు "సరేనండీ" అన్నాడు. కోస్తా వాళ్ళు ఒకరూ మాట్లాడలేదు, మావాళ్ళు ఒకరూ మాట్లాడలేదు. కుర్చీలు జరిపిన చప్పుడు వినబడింది. ఆ గదిలో ఆమెను మనసులో వద్దనుకున్న మనిషి ఒక్కరు కూడా లేరన్న సంగతి అప్పుడు మాకు తెలియదు.

ఇంటికొచ్చాక నాన్నతో పెద్ద గొడవ పెట్టుకున్నాను.

"అన్నను ఒక్కసారన్న యాది చేస్కున్నవా నాయినా?"

"యాది లేకేం. పొద్దుగాల లేస్తె వాడే గదా నాకు."

"మరి ఆమెను ఎట్ల తీసేస్తివి?"

"మనామె అని ఉంచుకున్నమంటరు బిడ్డా. సారు బిడ్డకు వాత పెట్టినప్పుడు గదే గద్దిచ్చి అన్న నేను. ఊరు చూసి పనిల పెట్టుకుంటె గిట్లనే అయితదని. ఇయ్యాల నా నోటితోని ఎట్లంటు, నా దిక్కు మనిషికి రూల్ వద్దని?"

"అంటె ఏమైతది? అననియ్యి."

"నీకు తెల్వది. గీ దినాలు మంచిగ లెవ్వు. ఒక్క మాట జారితె హోమే ఇరుగుతది."

నాన్న అబద్ధమాడలేదు. బయట పరిస్థితి అలాగే ఉండేది. మా షాపు పక్కనే ఉన్న కోస్తా ఆయన తన బోర్డు మీద ఊరి పేరు చెరిపించుకున్నాడు. అయినా నాకు నాన్న మీద ఒళ్ళు మండింది. నాలుగు రోజులు మాట్లాడలేదు. అన్నం వడ్డించి పళ్ళెం ఆయన ముందు చప్పుడయ్యేలా పెట్టేదాన్ని. ఆయన అదీ గమనించనట్టే తిని లేచేవాడు.

ఆమెను పంపించే రోజు ఒక నిర్ణయం చేశారు. పిల్లలకు చెబితే గొడవ చేస్తారు, ఏడుస్తారు, ఒకరిని చూసి ఒకరు రెచ్చిపోతారు, కాబట్టి ఎవరికీ చెప్పకుండా మధ్యాహ్నం వాళ్ళు పడుకున్నప్పుడు వెళ్ళిపొమ్మన్నారు. ఇలాంటి హోముల్లో అది మామూలే. ఆయాలు ఎప్పుడూ అలాగే వెళ్ళిపోతుంటారు. ఆమె ఒప్పుకోలేదట. "ఒక్క మాట చెప్పి పోత, వానికి సమజైతది" అని బతిమాలిందట. వద్దన్నారు. అన్నకు మధ్యాహ్నం అన్నం పెట్టి, మూతి తుడిచి, నిద్రపుచ్చి, సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. తర్వాత ఈ సంగతి వంటమనిషి నాతో చెప్పింది.

అన్న లేచి ఆమె కోసం చూశాడు. మొదట గది గదీ తిరిగాడు. వంటింట్లో చూశాడు, మేడ మీద చూశాడు. ఏడవలేదు. ఏడ్చి గోల చేస్తాడనుకుని అందరూ సిద్ధంగా ఉన్నారు, అతను మాత్రం గేటుకెదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. రాత్రి అన్నం ముట్టలేదు. మర్నాడూ ముట్టలేదు. నేను స్కూలుకు సెలవు పెట్టి వెళ్ళాను. నా చేత్తో పెడితే ముద్ద నోట్లోనే ఉంచుకున్నాడు, మింగడు, ఉమ్మడు. బుగ్గ ఉబ్బి, ముద్ద లోపలే నానిపోయేది. "ఒక్కటే అన్నా, ఒక్కటే" అని ఎంత బతిమాలినా గేటు వైపే చూశాడు. ఏం చెప్పాలి? పోలీసు కేసని చెప్పాలా, రూలని చెప్పాలా? తెలంగాణ అని, ఆంధ్ర అని, మర్యాద అని చెప్పాలా? అన్నకు తెలిసింది ఒక్కటే. అన్నం పెట్టిన మనిషి తను నిద్రపోయినప్పుడు వెళ్ళిపోయింది.

దవాఖానలో ముక్కులోంచి పైపు వేశారు. ఆ పైపు పీకేయకుండా చేతులకు గుడ్డలు చుట్టారు. నాన్న ఆ చేతుల వంక చూడలేక బయట వరండాలో నిలబడ్డాడు. ఆయన మీద నా కోపం అక్కడే చచ్చిపోయింది. వరండాలోకి వెళ్ళి ఆయన పక్కన నిలబడ్డాను.

ఆమెను ఒక్కసారి దవాఖానకు రమ్మందామని నేను ఆమె గదికి వెళ్ళాను. గది ఖాళీగా ఉంది. చెల్లెలి ఊరికి వెళ్ళిపోయిందని ఓనరు చెప్పాడు. కేసున్న మనిషని తెలిసిపోయి చుట్టుపక్కల ఏ ఇంట్లోనూ పనివ్వలేదట. ఎంక్వయిరీకి వచ్చినవాళ్ళకు ఓనరే "మనిషి మంచిదే గాని" అని చెప్పాల్సి వచ్చిందట. ఆయన ఆ మాట చెబుతూ తల దించుకున్నాడు.

అన్న చావలేదు. నెమ్మది నెమ్మదిగా ఇంకో ఆయా చేతి ముద్దకు అలవాటు పడ్డాడు. ఆ ఆయా మంచిదే, ఓపికగలది. అన్న ఆమె మొహం వైపు చూసేవాడు కాదు. గోడవైపు చూస్తూ నోరు తెరిచేవాడు. ముద్ద పెట్టాక మూసేవాడు. ఒళ్ళు మళ్ళీ పట్టలేదు. ఆదివారం నేను వెళితే ఇప్పుడు చెయ్యి పట్టుకుని ఎవరి దగ్గరికీ తీసుకెళ్ళేవాడు కాదు. సంచీ వైపూ చూసేవాడు కాదు. నాలో ఒకప్పుడు ఆమె మీదున్న ఉడుకుమోత్తనం గుర్తొచ్చి సిగ్గనిపించేది. ఆమె ఉండి, అన్న నన్ను పూర్తిగా మరిచిపోయినా నాకు సంతోషంగానే ఉండేది.

రాష్ట్రం వచ్చింది. మా గల్లీలో రంగులు చల్లుకున్నారు, మా షాపు ముందు మిఠాయి పంచారు. నాన్న కూడా పంచాడు. తర్వాత కొన్నాళ్ళకు ఉద్యమం కేసులు ఎత్తేస్తున్నామన్నారు. ఎత్తేశారు కూడా. ఆ వార్త చదివి కార్యదర్శిగారే మా ఇంటికి వచ్చాడు. చాలా ఏళ్ల తర్వాత ఇద్దరూ ఒకే పేపరు ముందు కూర్చున్నారు.

"ఇప్పుడు ఆవిడను తెచ్చుకోవచ్చు కదండీ" అన్నాడు ఆయన.

నాన్న ఆయన వంక చూశాడు. "మీరు ఒద్దనుకుంటుండ్రనుకున్న సార్ అప్పుడు."

"నేనా? నేనెందుకు వద్దంటానండీ. మా అమ్మాయి కూడా ఆవిడ చేతే తల దువ్వించుకునేది. నేను ఉంచుదామంటే, సొంత కూతురికి అన్యాయం జరిగితే పెట్టుకున్న రూల్‌ను ఉద్యమానికి భయపడి ఎత్తేశాడంటారు మావాళ్ళు. తీసేద్దామంటే, ఆంధ్రావాడు కక్షగట్టి తీసేశాడంటారు మీవాళ్ళు. అందుకని మీ నోటికే వదిలేశాను. మీరు ఉంచుదామంటే నాకు ప్రాణం లేచొచ్చేదండీ."

నాన్న పేపరు మడిచి పక్కన పెట్టాడు. "మీరొక్క మాట అనేదుండె సార్" అన్నాడు. తర్వాత ఆయనే, "నేనన్న అనేదుండె" అన్నాడు. ఇద్దరు పెద్దమనుషులు, ఎదుటివాళ్ళను నొప్పించకూడదన్న పట్టుదలతో నోరు కట్టేసుకుని, నోరులేని నా అన్నను నొప్పించారు. మంచితనం ఇంత పని చేస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు.

నాన్నే ఆమె చెల్లెలి ఊరికి వెళ్ళి వెతికాడు. ఆమె మళ్ళీ పట్నం వచ్చి మూసారాంబాగ్‌లో ఒక ముసలామెను చూసుకుంటోందని తెలిసింది. అక్కడికీ వెళ్ళాడు. ఆ ఇంటివాళ్ళతో తగిన మాటలు మాట్లాడి, మంచి రోజు చూసి, తనే ఆటోలో హోమ్‌కు తీసుకొచ్చాడు. ఈసారి రిపోర్టులో ఏ కేసూ లేదు. కమిటీ మొత్తం వరండాలో నిలబడి ఉంది, పెళ్ళివాళ్ళలా. ఆమె జుట్టు చాలా తెల్లబడింది. చెప్పులు విప్పి, ఎవరి వంకా చూడకుండా తిన్నగా అన్న గదికి వెళ్ళింది.

"తమ్ముడూ" అంది.

అన్న చూశాడు. గుర్తుపట్టాడు. గుర్తుపట్టలేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ చూపు నాకు తెలుసు. చూసి, మెల్లగా గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

ఆమె నవ్వుతూనే కూర్చుని అన్నం పిసికింది. ఆటోలో ఏం జరిగిందో, దారిలో కొత్తగా ఏం కడుతున్నారో చెబుతూ ముద్ద నోటి దగ్గర పెట్టింది. అన్న పెదాలు బిగించాడు. ఆమె ఇంకో కథ ఎత్తుకుంది. అన్న చేత్తో ఆమె చేతిని నెట్టేశాడు. కొట్టలేదు, గట్టిగా కూడా నెట్టలేదు. అక్కర్లేని వస్తువును పక్కకు జరిపినట్టు జరిపాడు. ముద్ద కింద పడింది. ఆమె దాన్ని ఏరి పళ్ళెంలో వేసి, మళ్ళీ కొత్త ముద్ద కలిపింది.

ఆ వారమంతా అలాగే గడిచింది. ఆమె గదిలో ఉంటే అన్న ఎవరి చేతి ముద్దనూ ముట్టడం లేదు. ఆమె బయటికి వెళితే ఇన్నాళ్ళూ పెడుతున్న ఆయా చేత తింటున్నాడు. మేం ఏవేవో చేసి చూశాం. నేను పక్కన కూర్చున్నాను. నాన్న బతిమాలాడు. ఆ ఆయా, ఈమె ఇద్దరూ కలిసి పెట్టారు. అన్న మరీ పలచబడిపోతున్నాడు. శనివారం ఆమే నాన్న దగ్గరికి వచ్చింది.

"నన్ను జూస్తె అన్నం ముడ్తలేడు సారు. నేనుంటె ఇంకింత బక్కవడ్తడు. నేను పోత."

"ఇంకొన్ని దినాలు చూద్దమమ్మా" అన్నాడు నాన్న.

"ఒద్దు సారు. వానిది కోపం కాదు. వాడు నన్ను నమ్మిండు, నేను చెప్పకుంట పోయిన. మల్ల పోతదని వానికి భయం. పోయేదాని చేతి అన్నం ఎవరన్న తింటరా?"

నాన్న రెండు చేతులూ జోడించాడు. ఆమె గబుక్కున ఆ చేతులు పట్టుకుని కిందికి దించేసింది.

ఈసారి ఎవరూ ఆమెను ఆపలేదు, నిద్రపోయేదాకా ఆగమనలేదు. అన్న మేలుకొని ఉండగానే వెళ్ళి మంచం ముందు నిలబడింది. "తమ్ముడూ, నేను పోతున్న. మల్ల రాను. అన్నం మంచిగ తిను" అని స్పష్టంగా చెప్పింది. అన్న గోడవైపే చూస్తున్నాడు. ఆమె కొంచెంసేపు ఆగింది. తర్వాత గది దాటి, వరండా దాటి, గేటు బయట సంచీతో నిలబడింది.

ఇన్నాళ్ళూ పెడుతున్న ఆయా పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళింది. నేను గుమ్మం దగ్గర నిలబడి చూశాను. అన్న నోరు తెరిచాడు. మింగాడు. మళ్ళీ తెరిచాడు. పళ్ళెం అయ్యేదాకా ఒక్కసారి కూడా తల తిప్పలేదు. నేను మొహం కడుక్కుని గేటు దగ్గరికి వెళ్ళాను. ఆమె ఇంకా అక్కడే ఉంది, ఎండలో.

"తిన్నడా చెల్లె?"

"తిన్నడక్కా. మొత్తం."

"పొలమారలే?"

"లే."

"గంతే గావాలె" అంది. కొంగుతో మొహం తుడుచుకుని బస్టాపు వైపు నడిచింది.